పైకి కనిపించే గన్‌కి ఏ హోల్‌స్టర్? టెక్సస్‌లో కౌంటర్ వెనక కొన్నేళ్ల వాడకం తర్వాత

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. గన్‌ని చొక్కా కింద దాచుకుని తిరిగేవాళ్లు ట్రిగ్గర్‌ని పూర్తిగా మూసి, బెల్టును గట్టిగా పట్టుకుని ఉండే ఏ హోల్‌స్టర్ (గన్ పెట్టుకునే ఒర) వాడినా సరిపోతుంది. నలుగురికీ కనిపించేలా నడుముకు పెట్టుకునేవాళ్లకు మాత్రం తాళం లేని హోల్‌స్టర్ పనికిరాదు. బొటనవేలితో తెరుచుకునే తాళం ఉండాలి. హోల్‌స్టర్‌ని బెల్టు లూప్ (బెల్టు దూరే ముక్క) మీద స్క్రూలతో బిగించి ఉండాలి. బెల్టు కూడా గన్ బరువు కోసం తయారుచేసినదే కావాలి. ఈ మూడింటిలో ఒక్కటి తగ్గినా మిగతా రెండింటి మీద పెట్టిన డబ్బు దండగే. ప్రస్తుతం నా నడుముకు ఉన్న హోల్‌స్టర్ సఫారీల్యాండ్ కంపెనీ 7378, లోపల ఉన్న పిస్టల్ గ్లాక్ 19. దీనికి ముందు తోలువి, ప్లాస్టిక్‌వి, చూపుడువేలి బటన్‌వి కొన్ని వాడాను. అవి ఎందుకు వదిలేశానో, దీన్నే ఎందుకు పట్టుకున్నానో, దీనిలోనూ నచ్చనివి ఏమిటో చెప్తాను.

డాలస్‌కి దక్షిణంగా ఐ-45 హైవే మీద ఒక చిన్న ఊళ్లో మాకు గ్యాస్ స్టేషన్, దాన్ని ఆనుకుని స్టోరు ఉన్నాయి. ఈ వ్యాపారంలో మన తెలుగువాళ్లు టెక్సస్‌లో చాలామందే ఉన్నారు. దోపిడీల్లో కౌంటర్ వెనకే ప్రాణాలు పోగొట్టుకున్న మనవాళ్ల వార్తలు ఇక్కడివాళ్లకే కాదు, అక్కడ ఊళ్లో పేపరు చదివేవాళ్లకూ తెలుసు. అందుకే చాలామంది గన్ కొంటారు. కొన్నాక ఏ కంపెనీ, ఎన్ని గుళ్లు, ఎంత ధర అని గంటలకొద్దీ మాట్లాడుకుంటారు. హోల్‌స్టర్ దగ్గరకు వచ్చేసరికి షాపువాడు చేతికి ఏదిస్తే అది తెచ్చుకుంటారు. నాకు బాధ కలిగించేది ఇదే. కౌంటర్ మీద చెయ్యి చాపితే అందేంత దూరంలో కస్టమర్ నిలబడే వ్యాపారం మనది. అతని చెయ్యి మన గన్ మీద పడితే ఏం జరుగుతుందన్నది గన్ కంపెనీ తేల్చదు, హోల్‌స్టరే తేల్చాలి.

చట్టం సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామంది అక్కడే ఆగిపోతారు. గన్‌కి పెట్టింది పేరు అనుకునే టెక్సస్‌లో పిస్టల్ వెంట పెట్టుకుని తిరగడం మీద 1871లోనే నిషేధం పెట్టారు. 1995లో చేసిన చట్టంతో, లైసెన్స్ ఉన్నవాళ్లు దాచుకుని తిరగడానికి 1996 నుంచి వీలయింది. 2016 జనవరి 1 నుంచి లైసెన్స్ ఉంటే పైకి కనిపించేలా పెట్టుకోవచ్చన్నారు, అదీ భుజానికో నడుముకో కట్టే హోల్‌స్టర్‌లోనే. 2021 సెప్టెంబరు 1 నుంచి అర్హత ఉన్నవాళ్లకు లైసెన్స్ కూడా అక్కర్లేదు. భుజం, నడుము అన్న మాటలు తీసేసి ఉత్త ‘హోల్‌స్టర్’ అని ఉంచారు. అంటే పైకి కనిపించే పిస్టల్‌కి హోల్‌స్టర్ ఉండాలంటుంది చట్టం, ఎలాంటిది ఉండాలో చెప్పదు. బజార్లో పదిహేను డాలర్లకు దొరికే బట్ట సంచి కూడా చట్టం ముందు హోల్‌స్టరే. ఇది చట్టానికి సరిపోతుంది, మన ప్రాణానికి సరిపోదు.

నేను మాత్రం లైసెన్స్ తీసుకున్నాను. స్కూలు చుట్టూ వెయ్యి అడుగుల లోపు గన్‌తో తిరగడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది, రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్లకు అందులో మినహాయింపు ఉంది. మా పిల్లల స్కూలు మీదుగానే నేను రోజూ స్టోరుకు వెళ్లాలి. దాని ఫీజు 40 డాలర్లు, నాలుగు నుంచి ఆరు గంటల క్లాసు, యాభై గుళ్ల షూటింగ్ పరీక్ష. ఆ పరీక్షలో మూడు, ఏడు, పదిహేను గజాల దూరంలో కాగితం మీద కాల్చాలి. కాగితం మన నడుము మీద చెయ్యి వేయదు కాబట్టి రిటెన్షన్ గురించి, అంటే ఎదుటివాడు గుంజినా గన్ హోల్‌స్టర్‌లోనే నిలవడం గురించి, ఆ పరీక్షలో ఏమీ తేలదు.

ఇంకొక మాట. మా బావగారు మొన్న వచ్చినప్పుడు, “బావా, నేనూ ఒకటి కొనుక్కుంటాను, నువ్వే దగ్గరుండి ఇప్పించాలి” అన్నాడు. తను హెచ్-1బీ మీద ఉన్నాడు. “నీకు కుదరదు బావా. గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆ మాట ఎత్తకు” అన్నాను. వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు తప్పిస్తే, వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర గన్ ఉండటమే ఫెడరల్ నేరం. కొనడం ఒక్కటే కాదు, దగ్గర ఉంచుకున్నా నేరమే. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు ఆ ఇబ్బంది లేదు. వీసా మీద ఉన్నవాళ్లు దయచేసి లాయర్‌ని అడగకుండా ఏదీ ముట్టుకోవద్దు. స్టోరు ఓనర్లు కూడా కౌంటర్ కింద ఒకటి పెట్టి, “అవసరమైతే తియ్యి” అని పనివాళ్లకు చెప్పకండి.

ఇక అసలు విషయం. రిటెన్షన్ లెవెల్ 1, లెవెల్ 2, లెవెల్ 3 అని డబ్బాల మీద రాస్తుంటారు కదా, ఆ పద్ధతి పెట్టింది బిల్ రోజర్స్ అనే మాజీ ఎఫ్‌బీఐ ఏజెంట్. 1970లలో పోలీసుల కోసం ఆయన ఒక పరీక్ష తయారుచేశాడు. గన్ హోల్‌స్టర్‌లో ఉంటుంది, హోల్‌స్టర్ మనిషి నడుముకు ఉంటుంది. ఎదుటివాడు గన్ పిడి పట్టుకుని ఐదు సెకన్ల పాటు ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఎటు కావాలంటే అటు గుంజుతాడు. అప్పటికీ గన్ హోల్‌స్టర్‌లోనే ఉండి, హోల్‌స్టర్ మనిషిని అంటిపెట్టుకునే ఉంటే లెవెల్ 1. ఒక తాళం తెరిచేశాక కూడా మళ్లీ ఐదు సెకన్లు నిలిస్తే లెవెల్ 2. రెండు తాళాలు తెరిచినా నిలిస్తే లెవెల్ 3. ఇందులో జనం పట్టించుకోని మాట ఒకటుంది, “హోల్‌స్టర్ మనిషిని అంటిపెట్టుకునే ఉంటే” అన్నది. తాళం ఎంత గట్టిదైనా బెల్టు దగ్గర ఊడి వస్తే లెవెల్ 1 కూడా కాదు.

ఈ లెక్కను అన్ని కంపెనీలూ ఒకేలా పాటించవు. ఒకే ఒక్క తాళం ఉన్న దాన్ని సఫారీల్యాండ్ లెవెల్ 1 అంటే, అలాంటిదాన్నే మరొకరు ప్లాస్టిక్ బిగువును కూడా ఒక లెవెల్‌గా కలుపుకుని లెవెల్ 2 అని రాస్తారు. డబ్బా మీది అంకెను చూసి కొనకండి, తాళాలు ఎన్నో చేత్తో లెక్కపెట్టుకుని కొనండి.

నేను మొదట వాడింది తోలు హోల్‌స్టర్. పైన ఒక పట్టీ, దానికి టిచ్ బటన్. చూడ్డానికి ఎంతో బావుంటుంది, ఒంటికి మెత్తగా ఉంటుంది. మొదటి చలికాలం ఏ ఇబ్బందీ లేదు. టెక్సస్ వేసవిలో బయట పంపుల దగ్గర చెత్తడబ్బాలు మార్చి, లోపలికొచ్చి బీరు కేసులు కూలర్‌లోకి మోస్తే నడుము దగ్గర చొక్కా తడిసి ముద్దవుతుంది. ఆ చెమట తోలులోకి దిగుతుంది. కొన్నాళ్లకు హోల్‌స్టర్ మూతి మెత్తబడి లోపలికి ముడుచుకుపోవడం మొదలైంది. గన్ బయటికి తీశాక మూతి సగం మూసుకుపోయేది. గన్ తిరిగి పెట్టేటప్పుడు ఆ మడత ట్రిగ్గర్ గార్డులో (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీలో) ఇరుక్కుంటే గన్ పేలిపోవచ్చు. గ్లాక్‌కి బయట వేలితో వేసే సేఫ్టీ ఉండదు, ట్రిగ్గర్ నొక్కుకుంటే పేలడమే. ఇక టిచ్ బటన్ సంగతి, అది ఎదుటివాడు గట్టిగా లాగితే ఊడిపోతుంది. తోలు హోల్‌స్టర్‌ని తీసేయడానికి ఈ రెండూ చాలు.

తర్వాత కైడెక్స్. అదొక రకం గట్టి ప్లాస్టిక్ రేకు, వేడిచేసి గన్ ఆకారంలో నొక్కుతారు. చెమటకు చెడదు, మూతి ముడుచుకోదు, గన్ పెట్టగానే టక్‌మని శబ్దం వస్తుంది. తలకిందులు చేసి ఊపినా గన్ పడదు. చాలామంది షాపుల్లో ఇలా తిప్పి చూపించి, “చూశారా, ఎంత గట్టిగా పట్టిందో” అంటారు. అది పట్టినది గన్ బరువుని. గుళ్లతో నిండిన గ్లాక్ 19 దాదాపు 850 గ్రాములుంటుంది. నిచ్చెన ఎక్కినా, వంగి కింది అరలో నూనె డబ్బాలు సర్దినా పడకుండా ఉండటానికి ఆ బిగువు సరిపోతుంది. మనిషి చేతికి అదొక లెక్క కాదు, మనం తీస్తే ఎంత సులువుగా వస్తుందో వాడు తీసినా అంతే సులువుగా వస్తుంది. చొక్కా కింద పెట్టుకోవడానికి ఈ రకం నాకు ఇప్పటికీ ఇష్టమే. అక్కడ గన్ ఉందనే ఎదుటివాడికి తెలియదు, తాళం అవసరం చాలా తక్కువ.

చూపుడువేలితో బటన్ నొక్కితే తెరుచుకునే రకం కూడా కొన్నాళ్లు వాడాను. ధర తక్కువ, ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది, తాళం గట్టిగానే పడుతుంది. చిక్కు ఎక్కడంటే, ట్రిగ్గర్ మీదకు పోకూడని వేలితోనే మనం బటన్‌ని లోపలికి నొక్కాలి. తీరుబడిగా, వేలు చాపి నొక్కితే ఏమీ కాదు. గుండె దడదడలాడుతున్నప్పుడు వేలి కొనతో పొడిచినట్టు నొక్కుతాం. నొక్కుతూనే గన్ పైకి లాగితే ఆ వేలు అదే ఊపులో జారి ట్రిగ్గర్ మీదకు పోతుంది. ఇలా సొంత తొడలోకి కాల్చుకున్న సంఘటనలు అమెరికాలో జరిగాయి, కొన్ని శిక్షణా కేంద్రాలు ఈ రకం హోల్‌స్టర్‌ని లోపలికే రానివ్వవు. ఇంకోటి, బటన్ కింద చిన్న ఇసుకరాయి దూరితే తాళం బిగుసుకుపోతుంది, సొంత గన్ మనకే రాదు. మా స్టోరు వెనక గచ్చు వేయని నేల, గాలి వీస్తే దుమ్మే. నాకు ఇది సరిపడదని తేలిపోయింది.

7378లో తాళం పని చేసే తీరు వేరు. దీన్ని ఏఎల్ఎస్ అంటారు, ఆటోమేటిక్ లాకింగ్ సిస్టమ్. గన్ లోపలికి నెట్టగానే, ఖాళీ తూటా బయటికి ఎగిరే కిటికీ ఉంటుంది కదా, అక్కడ ఒక ముక్క లోపల నుంచి వచ్చి పట్టుకుంటుంది. పట్టీలు, బటన్లు మనం వేయక్కర్లేదు. వేయడం మర్చిపోవడమన్న ప్రశ్నే రాదు. తెరిచే లీవర్ గన్‌కీ మన ఒంటికీ మధ్య, పిడి పట్టుకుంటే బొటనవేలు తనంతట తాను దిగే చోట ఉంటుంది. బొటనవేలితో దాన్ని వెనక్కి లాగి గన్ పైకి తీయాలి. చూపుడువేలు అప్పటికి హోల్‌స్టర్ బయట తిన్నగా చాపి ఉంటుంది, దానికి ఏ పనీ లేదు. నేను ఈ హోల్‌స్టర్‌ని ఎంచుకోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే.

లీవర్ ఒంటివైపు ఉండటం వల్ల ఇంకో లాభం వాడుతుంటేనే తెలిసింది. బీరు కేసు తుంటి మీద ఆనించి మోసినప్పుడు, కూలర్ తలుపు సందులోంచి పక్కగా దూరినప్పుడు, కారులో సీటు బెల్టు క్లిప్పు హోల్‌స్టర్‌కి రాసుకున్నప్పుడు బయట నుంచి ఏదీ లీవర్‌ని నొక్కలేదు. ముందు నుంచి చెయ్యి వేసేవాడికీ అది కనిపించదు. ఎక్కడుందో తెలిసినా, మన ఒంటికీ గన్‌కీ మధ్య వాడి బొటనవేలు సరైన కోణంలో దూరాలి. వెనక నుంచి వచ్చేవాడికి మాత్రం ఇది అంత కష్టం కాదు, ఎందుకంటే వెనక నుంచి పట్టుకుంటే వాడి చెయ్యి మన చెయ్యి పట్టుకున్నట్టే పడుతుంది. ఒక్క తాళం ఉన్న హోల్‌స్టర్‌కి ఉన్న హద్దు ఇది.

కౌంటర్ వెనక నా వీపు గోడకు ఉంటుంది, కాబట్టి ఒక్క తాళంతో నిశ్చింతగా ఉన్నాను. రోడ్డు మీద, జనంలో పైకి కనిపించేలా పెట్టుకుని తిరిగేవాళ్లయితే రెండు తాళాలది తీసుకోండి. సఫారీల్యాండ్‌లోనే 6360 ఉంది, పోలీసులు వాడే రకం. ఏఎల్ఎస్‌కి తోడు పైన ఒక కమాను లాంటి కప్పు ఉంటుంది. దాన్ని కిందికి నొక్కి ముందుకు తిప్పాలి, ఆ తర్వాతే లీవర్. మా స్నేహితుడొకరు సెక్యూరిటీ ఉద్యోగంలో దాన్నే వాడతాడు. ఆయన దగ్గర నేనూ పెట్టుకుని చూశాను. సాధన చేస్తే రెండు కదలికలూ ఒకటే కదలికలా కలిసిపోతాయి, సాధన లేకపోతే తడబడతాం. ధర కూడా బాగా ఎక్కువ. పెద్దది, కుర్చీలో కూర్చుంటే చేతులకు తగులుతుంటుంది.

బెల్టు దగ్గరకు వస్తాను. ఒక రిటెన్షన్ క్లాసుకు వెళ్లాను. రిటైరైన పోలీసు ఒకాయన నేర్పిస్తాడు. నిజం గన్‌లన్నీ వేరే గదిలో తాళం వేసి, అందరికీ నీలం రంగు డమ్మీ గన్‌లు ఇచ్చారు. ఆ నీలం ముక్క మన సొంత హోల్‌స్టర్‌లో పెట్టుకుని నిలబడాలి, ఎదుటివాడు వచ్చి గుంజుతాడు. నా పక్కన ఆరడుగుల మనిషి, మంచి తాళం ఉన్న హోల్‌స్టరే వేసుకున్నాడు, కాకపోతే ప్యాడిల్ మీద. ప్యాడిల్ అంటే ప్యాంటు లోపలికి దోపుకునే వెడల్పాటి రేకు, బెల్టు తీయకుండానే పెట్టి తీసుకోవచ్చు. నేర్పించే పెద్దాయన వచ్చి పిడి పట్టుకుని ఒకసారి మెలితిప్పి పైకి గుంజాడు. తాళం తెరుచుకోలేదు. గన్ లోపలే ఉంది. కానీ హోల్‌స్టర్, ప్యాడిల్ అన్నీ కలిసి పెద్దాయన చేతిలో ఉన్నాయి. పెద్దాయన దాన్ని అలాగే పట్టుకుని, తీరిగ్గా లీవర్ నొక్కి నీలం గన్ బయటికి తీసి చూపించాడు. గదిలో ఎవరూ మాట్లాడలేదు.

7378 డబ్బాలో ప్యాడిల్, బెల్టు లూప్ రెండూ వస్తాయి. ప్యాడిల్ సుఖంగా ఉంటుంది కాబట్టి చాలామంది అదే బిగించుకుంటారు. పైకి కనిపించేలా పెట్టుకునేవాళ్లు అది పక్కన పెట్టేసి బెల్టు లూప్ బిగించుకోండి. బెల్టు ముందు హోల్‌స్టర్ లూప్‌లోంచి దూరి, ఆ తర్వాత ప్యాంటు లూప్‌లోంచి దూరాలి, అప్పుడు హోల్‌స్టర్ ముందుకూ వెనక్కీ జరగదు. బెల్టు ఒకటిన్నర అంగుళాల వెడల్పుది, అడ్డంగా పట్టుకుంటే వంగకుండా నిలిచేది కావాలి. మామూలు ఆఫీసు బెల్టు కడితే గన్ పిడి ఒంటి నుంచి దూరంగా బయటికి వాలిపోతుంది, వెనకున్నవాడి చేతికి పట్టు దొరుకుతుంది. పిడి పక్కటెముకలకు ఆనుకుని ఉంటే మన మోచెయ్యి దాన్ని ఊరికే కప్పేస్తుంది. హోల్‌స్టర్ మీద డెబ్బై డాలర్లు పెట్టి, బెల్టు మీద యాభై పెట్టడానికి మనసొప్పనివాళ్లను చూశాను. అసలు ముందు కొనాల్సింది బెల్టే.

స్క్రూల గురించి ఒక హెచ్చరిక. హోల్‌స్టర్‌ని బెల్టు లూప్‌కి పట్టి ఉంచేవి చిన్న స్క్రూలు. రోజంతా కుర్చీ అంచుకు, కారు సీటుకు రాసుకుని అవి కొద్దికొద్దిగా తిరుగుతుంటాయి. నాది ఒకసారి గన్ తీస్తుంటే హోల్‌స్టర్ కూడా కొంచెం ఊగినట్టనిపించి చూస్తే, పై స్క్రూ సగం బయటికొచ్చి ఉంది. విప్పి, మరలు శుభ్రంగా తుడిచి, నీలం రంగు లాక్‌టైట్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేసి బిగించాను. ఎర్రది వాడకండి, మళ్లీ సులువుగా ఊడి రాదు. బిగించాక స్క్రూ తల మీద నుంచి ప్లాస్టిక్ మీదకు తెల్ల పెయింట్ పెన్నుతో ఒక సన్నని గీత గీశాను. స్క్రూ తిరిగితే గీత విరిగి కనిపిస్తుంది. పొద్దున బెల్టు కట్టుకునేటప్పుడు ఆ గీతల మీద ఒక చూపు, అంతే.

నచ్చనివి కూడా చెప్పాలి. గన్ పెట్టినప్పుడు, తీసినప్పుడు శబ్దం బాగా వస్తుంది. ఎండాకాలంలో ఒంటివైపు ప్లాస్టిక్ చెమటకు అతుక్కుని చిరచిరలాడుతుంది. లోపల బనియన్ పొడుగుది వేసుకోక తప్పదు. గన్ పైభాగంలో ముందుకూ వెనక్కీ జరిగే నల్లటి స్లైడ్ మీద తాళం పట్టే చోట రంగు అరిగి మెరుస్తుంది. దుమ్ము ఊళ్లలో లీవర్ స్ప్రింగ్ దగ్గర మెత్తటి మట్టి చేరి, లీవర్ మునుపటిలా చురుగ్గా వెనక్కి రాదు. గన్ పక్కన పెట్టి, హోల్‌స్టర్‌ని గోరువెచ్చని సబ్బు నీళ్లలో కడిగి ఆరబెడితే మళ్లీ మామూలవుతుంది. నూనె మాత్రం వేయకండి, దుమ్మును ఇంకా పట్టి ఉంచుతుంది. ఇవన్నీ భరించదగ్గవే. భరించలేనిది ఒకటుంది, అది ధర గురించి. గన్ మారితే హోల్‌స్టర్ మార్చాలి, గన్‌కి లైటు తగిలిస్తే హోల్‌స్టర్ మార్చాలి, పైన రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే అద్దం) పెడితే దానికి చోటున్న మరో మోడల్ వెతుక్కోవాలి.

లైటు గురించి ప్రత్యేకంగా చెప్తాను. గన్‌కి లైటు తగిలించాక హోల్‌స్టర్ మూతి లైటు పట్టేంత వెడల్పు చేయాల్సి వస్తుంది. దాంతో ట్రిగ్గర్ గార్డు పక్కన సందు ఏర్పడుతుంది. కొన్ని మోడళ్లలో ఆ సందులోంచి చిన్నపిల్లల వేలు ట్రిగ్గర్ దాకా పోతుంది. మా కౌంటర్ చివర తలుపు దగ్గర నిలబడితే, నాలుగైదేళ్ల పిల్లవాడి ముఖం సరిగ్గా నా తుంటి ఎత్తులో ఉంటుంది. పిల్లలు ముట్టుకుంటారు, అది వాళ్ల తప్పు కాదు. నేను లైటు తీసేసి జేబులో వేరే టార్చి పెట్టుకున్నాను. మీకు లైటు తప్పనిసరైతే, గన్‌లోంచి గుళ్లన్నీ తీసి, ఛాంబర్ (గన్‌లో పేలడానికి సిద్ధంగా గుండు కూర్చునే చోటు) రెండుసార్లు చూసుకుని, హోల్‌స్టర్‌లో పెట్టి సందులోంచి పెన్సిల్ దూర్చి చూడండి. ట్రిగ్గర్‌కి తగిలితే ఆ హోల్‌స్టర్ వాపసు చేసేయండి.

తిరిగి పెట్టడం కూడా రిటెన్షన్‌లో భాగమే. ఎవరి చెయ్యీ పడకుండానే, గన్ హోల్‌స్టర్‌లో తిరిగి పెట్టేటప్పుడు కూడా ప్రమాదాలు జరుగుతాయి. చొక్కా అంచు, చలికాలం జాకెట్ తాడు కొన హోల్‌స్టర్‌లోకి దూరి ట్రిగ్గర్‌ని పట్టేస్తాయి. గన్ వేగంగా తీయాల్సి రావచ్చేమో గానీ, వేగంగా పెట్టాల్సిన అవసరం ఎప్పుడూ రాదు. చొక్కా ఎడమచేత్తో పక్కకు లాగి పట్టుకుని, హోల్‌స్టర్ లోపలికి కళ్లతో చూసి, నెమ్మదిగా పెట్టి, తాళం పడ్డ శబ్దం విన్నాక ఒకసారి పైకి లాగి చూస్తాను. జాకెట్ తాళ్లన్నీ మా ఆవిడ చేత కత్తిరించేయించాను. బాత్రూంలో కూడా అంతే, గన్ బయటికి తీసి ఎక్కడా పెట్టొద్దు. ఫ్లష్ ట్యాంకు మీద గన్ మర్చిపోయి వచ్చిన పోలీసులు, టీచర్ల గురించి ఇక్కడ వార్తల్లో వస్తూనే ఉంటాయి. గన్ హోల్‌స్టర్‌లోనే, హోల్‌స్టర్ బెల్టుకే ఉంచి, బెల్టును మోకాళ్ల దగ్గర బిగించి కూర్చోవాలి.

మన ఊళ్లలో పెరిగినవాళ్లకు రిటెన్షన్ కొత్త విషయమేమీ కాదు. ఎస్సై గారి రివాల్వర్ పిడి కింద రింగుకు తాడు కట్టి, అది భుజం మీదుగా పోయి ఉండటం చిన్నప్పుడు చూసినదే. లాన్యార్డ్ అంటారు దాన్ని. గుంపులో తోపులాట జరిగినా, గన్ చెయ్యి జారినా పోకుండా ఆ తాడు పట్టి ఉంచుతుంది. ఎదుటివాడు గన్ లాక్కుని అక్కడికక్కడే కాలిస్తే తాడు ఆపలేదు, ఆ పని తాళం చేయాలి. సొంత ఆయుధంతోనే ప్రాణాలు పోగొట్టుకున్న పోలీసుల సంఖ్యకు ఎఫ్‌బీఐ తన వార్షిక లెక్కల్లో విడిగా పట్టికే వేస్తూ వచ్చింది. శిక్షణ ఉన్నవాళ్లకే అలా జరుగుతుందంటే, రాత్రి రెండింటికి కౌంటర్ దగ్గర నిద్రమత్తులో నిలబడ్డ మన సంగతి ఆలోచించండి.

తాళం ఇచ్చేది కొన్ని సెకన్లు మాత్రమే. ఆ సెకన్లలో మనం ఏం చేయాలో ఒంటికి తెలిసి ఉండాలి. క్లాసులో నేర్పింది ఇదీ: ఎవరి చెయ్యి అయినా పడగానే గన్ తీయాలని చూడకూడదు. మన కుడిచెయ్యి వాడి చేతి మీద వేసి, గన్‌ని హోల్‌స్టర్‌లోకే కిందికి అదిమి పట్టాలి. మోచెయ్యి ఒంటికి బిగించి, మోకాళ్లు వంచి బరువు కిందికి దించి, గన్ ఉన్న తుంటిని వాడికి దూరంగా విసురుగా తిప్పాలి. ఎడమచెయ్యి వాడి ముఖం మీదకు. పుస్తకం చదివి ఇది రాదు, ఎవరితోనైనా డమ్మీ గన్‌తో కిందామీదా పడి నేర్చుకోవాలి. క్లాసు మర్నాడు నాకు భుజాలు పైకి లేవలేదు, అయినా ఇంతవరకు గన్ మీద పెట్టిన ఖర్చంతటిలోనూ నాకు బాగా ఉపయోగపడింది ఆ క్లాసు ఫీజే.

అసలు వాడి చెయ్యి అక్కడిదాకా రాకుండా నిలబడే పద్ధతి ఇంకా ముఖ్యం. కస్టమర్‌తో మాట్లాడేటప్పుడు నేను ఎడమ భుజం ముందుకు పెట్టి కొంచెం పక్కగా నిలబడతాను. సిగరెట్ల అర వైపు తిరిగేటప్పుడు గన్ కౌంటర్ వైపు రాకుండా ఎప్పుడూ ఎడమవైపు నుంచే తిరుగుతాను. ఇందుకోసం లాటరీ టికెట్ల డబ్బా చోటు కూడా మార్చాను. అది ముందు కుడిచేతి వైపు ఉండేది, టికెట్ చించడానికి తిరిగిన ప్రతిసారీ నా కుడి తుంటి కస్టమర్ ముందుకు వచ్చేది. కౌంటర్ చివర నడుము ఎత్తు తలుపు ఉంటే దానికి గడియ పెట్టించాను. నేల తుడవడానికి, అరలు సర్దడానికి కౌంటర్ దాటి బయటికి వచ్చినప్పుడు పైన వదులు చొక్కా వేసుకుని గన్ కప్పేస్తాను. రెండు చేతులూ పనిలో ఉండి, వీపు జనం వైపు ఉన్న మనిషి నడుముకు గన్ కనిపించడం మంచిది కాదు, తాళం ఉన్నా సరే.

స్టోరు దాటితే కూడా నేను కప్పుకునే తిరుగుతాను. వాల్‌మార్ట్ లైన్లో వెనకున్నవాడు ఎవడో, వాడి మనసులో ఏముందో మనకు తెలియదు. పైకి కనిపిస్తే దొంగ భయపడి పోతాడన్నది కొంతవరకు నిజమే కావచ్చు. కానీ వాడు పోకుండా ఉండిపోతే, ముందు ఎవరి సంగతి చూడాలో కూడా వాడికి మనమే చెప్పినట్టవుతుంది. చాలా షాపుల తలుపుల మీద 30.07 బోర్డు ఉంటుంది, కనీసం అంగుళం ఎత్తు అక్షరాలతో ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ. అది కనిపిస్తే లైసెన్స్ ఉన్నా గన్ పైకి కనిపించేలా లోపలికి వెళ్లకూడదు. ఎర్ర రంగులో 51% బోర్డు ఉన్న బార్లకు అసలే తీసుకెళ్లకూడదు. గుడికి వెళ్లే రోజున నేను ఇంట్లో లాకర్‌లోనే పెట్టి వెళ్తాను. కారులో వదిలేసే అలవాటు చేసుకోకండి, ఇక్కడ పార్కింగ్ లాట్లలో కార్ల అద్దాలు పగలగొట్టి గన్‌లు ఎత్తుకుపోతుంటారు.

కొనాలనుకునేవాళ్లు గన్ మోడల్‌తో పాటు ఎన్నో జనరేషన్, లైటు ఉంటే ఏ లైటు, రెడ్ డాట్ ఉందా, కుడిచేతి వాటమా ఎడమచేతి వాటమా అన్నీ చెప్పి ఆర్డర్ పెట్టండి. “దాదాపు సరిపోతుంది” అని అమ్మేవాళ్ల మాట వినకండి, ఏఎల్ఎస్ తాళం సరిగ్గా ఆ గన్ కిటికీ అంచునే పట్టాలి. వచ్చాక ఖాళీ గన్‌తో, గుళ్లు పక్క గదిలో ఉంచి, కొన్ని వారాలు ఇంట్లో రోజూ కాసేపు తీసి పెట్టడం సాధన చేయండి. బొటనవేలు వెతుక్కోకుండా లీవర్ మీదకు పోయేదాకా దాన్ని స్టోరుకు కట్టుకుని వెళ్లకండి.